ఏడు రోజులు, పదమూడు ప్రదక్షిణలు

నా మూర్ఖత్వాన్ని ఇంతకాలం ఓపికతో భరించి, ఒక్కసారి కూడా పిడుగు వేయని దేవునికి ముందుగా స్తోత్రం. ఆ రోజుల్లో నాకు బైబిలు అంటే ఎంత భక్తో, దాన్ని చదవడమంటే అంత బద్ధకం. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. సమస్య రాగానే కళ్లు మూసుకుని గ్రంథం తెరవడం, ఎక్కడో ఒకచోట వేలు పెట్టడం, వేలు కింద ఏముంటే అదే దైవాజ్ఞ. నర్సంపేటలో ట్యూషన్ పెట్టాలా అని అడిగితే ఒక వంశావళి వచ్చింది. వరసగా పద్నాలుగు పేర్లు. ఆహా, పద్నాలుగు మంది పిల్లలు వస్తారన్నమాట అని బెంచీలు కూడా అడిగి తెచ్చాను. ముగ్గురు వచ్చారు (అందులో ఒకడు బెంచీల ఓనరు కొడుకు).

బీఈడీ అయి రెండేళ్లు దాటింది. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు పోస్టు ఖాళీ ఉందని మా చర్చి సంఘంలో ఒక అక్క చెప్పింది. అదీ రాకపోతే నన్ను మరిపెడ పంపించి మామ ఎరువుల కొట్టులో కూర్చోబెట్టాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. ఇంత పెద్ద విషయానికి వేలు పెట్టకుండా ఎలా? పెట్టాను. యెహోషువ సేన ముట్టడించిన యెరికో పట్టణం వచ్చింది. ఆరు రోజులు రోజుకొకసారి గోడ చుట్టూ తిరగాలి, నోరు మెదపకూడదు, ఏడో రోజు ఏడుసార్లు తిరిగి కేకలు వేయాలి, గోడలు కూలతాయి. ఇంతకంటే స్పష్టంగా దేవుడు మాత్రం ఎలా చెబుతాడు!

మర్నాటి నుంచే మొదలుపెట్టాను. ఎండలో, ఇస్త్రీ చొక్కాలో, సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని స్కూలు ప్రహరీ చుట్టూ ఒక్క రౌండు. గేటు దగ్గర వాచ్‌మన్ చాచా స్టూలు మీద కూర్చుని చూసేవాడు. "క్యా బేటా, ఎవర్ని కలవాలె?" అన్నాడు మొదటిరోజు. నేను పెదవులు బిగించి పోయాను. మూడోరోజు మంచినీళ్లు ఇచ్చాడు, తాగి దండం పెట్టాను. "ఫైలు పట్టుకొని తిరుగుతున్నవ్, నౌకరీ కోసమేనా? జర లోపలికి పోయి అడుగరాదు, గేటు తెరిచే ఉన్నది" అన్నాడు నాలుగోరోజు. సాతాను ఎన్ని రూపాల్లో వస్తాడో అనుకుని (ప్రభువు నన్ను క్షమించాలి, ఆయన నీళ్లు ఇచ్చిన మనిషి) తల తిప్పుకున్నాను. అయిదోరోజుకు చాచా పక్కనున్న ఆయమ్మతో "పాపం, పోరనికి మాట రాదు" అనడం వినిపించింది.

ఏడోరోజు ఏడు రౌండ్లు. ఆఖరి రౌండు అయ్యాక గేటు ముందు నిలబడి, ఉన్న ఊపిరంతా కూడగట్టి "స్తోత్రం!" అని అరిచాను. గోడ కదల్లేదు. యూకేజీ మాత్రం మొత్తం ఏడుపు అందుకుంది. చాచా స్టూలు మీంచి లేచి, "యా అల్లా! పోరనికి మాటొచ్చింది!" అని నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన కళ్లలో నిజంగా నీళ్లు.

ప్రిన్సిపల్ మేడం పరుగున వచ్చింది. "ఎవరయ్యా నువ్వు? పిల్లల్ని గట్ల జడిపిస్తవేంది?"

"లెక్కల టీచరు పోస్టు కోసం వచ్చిన మేడం."

"అది నిన్ననే అయిపాయె. ములుగు నుంచి ఒక పిల్లగాడు జీపు దిగి సీదా నా రూముకే వచ్చి అడిగిండు. ఇచ్చిన." నా ఫైలు తిరగేసి ఇంకోమాట కూడా అంది: "నీ మార్కులు ఆయనకంటే ఎక్కువనే ఉన్నయ్ కదా. మొన్నటిదాంక ఏడున్నవ్?"

మీ గోడ చుట్టూనే ఉన్నానని చెప్పలేకపోయాను. చాచా చెప్పాడు, రోజులతో సహా.

ఇంటికొచ్చి, దేవుడు మాట తప్పాడన్నట్టు మూలకు కూర్చున్నాను. అమ్మకు చదువు రాదు. బైబిలంతా చర్చిలో విని నేర్చుకున్నదే. కథంతా విని, బియ్యం చెరుగుతూనే అడిగింది: "తిరుగుడు మొదలువెట్టకముందు యెహోషువ ఇద్దరు మనుషుల్ని ఊళ్లెకు పంపిండు గదరా, లోపల సంగతేందో అర్సుకొని రమ్మని. ఆ పేజీ నీ బైబిల్ల లేదా?"

ఉంది. నా వేలు పడ్డ చోటికి నాలుగు పేజీల ముందే ఉంది.

ఆ ఏడాదంతా మరిపెడలో యూరియా బస్తాల మధ్య కూర్చుని, మొదటి పుట నుంచి వరసగా చదివాను. బేరాలు లేని మధ్యాహ్నాలు బోలెడు దొరికేవి. దారి చూపే మాటలు అన్నీ అందులోనే ఉన్నాయి, ముందువీ వెనకవీ కలిపి చదివితే. ఇప్పుడు సంఘంలో నేనో పెద్దను. యువకులు వచ్చి "అన్నా, ఏ కోర్సు తీసుకోవాలో వాక్యం చూపించు" అంటే, ముందు కాలేజీకి పోయి అడిగి రమ్మంటాను. గంభీరంగానే అంటాను. కానీ మొన్న ఇల్లు మారే విషయం తేలక, ఎవరూ చూడకుండా కళ్లు మూసుకుని ఫోనులోని బైబిలు మీద వేలు పెట్టాను. వేలు ఎక్కడ తగిలిందో, పాస్టరు అయ్యగారికి కాల్ పోయింది. "చెప్పు బ్రదర్" అన్నారాయన. ఊరికే వందనాలు చెబుదామని చేశానని చెప్పి పెట్టేశాను.

చదివిన మీరంతా ఒక్క నిమిషం నాతో తలలు వంచండి. ప్రభువా, ఎర్రటి ఎండలో నోరు మూసుకుని తిరిగిన ఆ ఇరవై నాలుగేళ్ల పిచ్చివాడిని చూసి నీవు నవ్వుకునే ఉంటావు. వాడిలో తెలివి లేకపోయినా నమ్మకం నిండా ఉండేది. ఇప్పుడు నాకు కొంచెం తెలివి వచ్చింది. ఆ నమ్మకంలో సగమైనా నాకు మిగల్చుము. ఆమేన్.