సూర్యం దరఖాస్తు ముందే చేరింది

ఆ మంగళవారం నేను చేసింది పొరపాటు కాదు, తప్పు. తెలిసి చేశాను. అది ముందుగా ఒప్పుకోకపోతే తక్కిన సంగతి రాయడానికి నాకు చెయ్యి రాదు.

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వులాట. కొత్తపేట హైస్కూల్లో మా సైన్సు మాస్టారి చేతిలో తయారైనవాణ్ణి. చీకట్లో తోటలో ఎండుమట్ట రాలితే మా ఇంట్లోవాళ్లు దేవుణ్ణి తలుచుకునేవారు. నేను వెళ్లి ఆ మట్ట ఈడ్చుకొచ్చి పొయ్యి దగ్గర పడేసేవాణ్ణి. ఇవాళ్టికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. నేనూ సూర్యమూ ఎస్సెల్సీ ప్యాసయ్యాం. పలివెల పక్కన మాకు వరిచేలూ కొబ్బరితోటా ఉండేవి. సూర్యం తండ్రి వీర్రాజు మా తోటలో దింపు మనిషి, అంటే చెట్లెక్కి కాయలు దించేవాడు. నాలుగేళ్ల కిందట మా చెట్టు మీదనుంచే పడ్డాడు. ఎడం తుంటి దెబ్బతింది. విరిగిందో, బెణికిందో, తొలగిందో తేల్చడానికి అప్పట్లో మా వైపు ఎక్స్‌రే లేదు. నాటువైద్యుడు బద్దలు కట్టాడు. అది వంకరగా అతికింది. ఏడాదిపాటు కాలీడ్చుకుంటూ తిరిగి, ఆ నొప్పితోనే జబ్బుపడి పోయాడు.

ఆ వేసవిలో మా హైస్కూలు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. విశాఖపట్నంలో ఒక కాలేజీవారు ఎక్స్‌రే తీసే పని నేర్పుతారట. రెండేళ్ల చదువు. సైన్సులో మంచి మార్కులతో ఎస్సెల్సీ ప్యాసవ్వాలి. పదిహేడేళ్లు నిండాలి. కళ్లూ ఊపిరితిత్తులూ బాగున్నాయని డాక్టరు రాసివ్వాలి. నడవడి మంచిదని ఇద్దరు పెద్దమనుషులు సంతకాలు పెట్టాలి. ఈ పని ఎందుకు నేర్చుకోదలిచావో స్వదస్తూరీతో ఒక పేజీ రాయాలి. నా నడవడికి సంతకాలు పెట్టిన ఆ ఇద్దరికీ ఈ రోజు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

సూర్యం ఎందుకు చేరాలనుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. నేను ఎందుకంటే, తెల్లకోటు, కరెంటు ఫ్యాను, చేలగట్ల మీద తిరగక్కర్లేని బతుకు. నా పేజీలో మాత్రం దేశసేవ అని రాశాను.

చిక్కల్లా ఒక్కటే. జిల్లాకి ఒకటే సీటని ఎవరో చెప్పారు. సైన్సులో సూర్యానికి నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ.

మా వైపు ఒక ఆచారం ఉండేది. వంతెనలు లేని రోజులు. రావులపాలెం దగ్గర పంటి, అంటే రేవు దాటించే బల్లకట్టు, ఎక్కి గోదావరి దాటి జొన్నాడలో దిగి, అక్కడ బస్సెక్కి రాజమండ్రి వెళ్లాలి. మా ఊళ్లో ఉత్తరం వేస్తే కదలడానికి రెండు రోజులు పడుతుంది. రాజమండ్రి స్టేషన్లో వేస్తే ఆ రాత్రే రైలెక్కుతుంది. అందుకని ఏరు దాటే మనిషి ఊరందరి కాగితాలూ పట్టుకెళ్లాల్సిందే. ఎవరూ కాదనరు, ఎవరూ అనుమానించరు. ఏటి మీద అలాంటి నమ్మకం.

దరఖాస్తులు చేరడానికి గడువు గురువారం. సోమవారం సాయంత్రానికి గానీ సూర్యానికి డాక్టరు సంతకం దొరకలేదు. మంగళవారం తెల్లవారుతుండగా మా అరుగు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“అబ్బాయిగారండీ, ఏరు దాటుతున్నారంట కదా. ఇదీ ఆ డబ్బాలో పడేద్దురూ.”

“సర్లేరా. అంతా పెట్టేవా?”

“ఆయ్, పెట్టేనండి. జిగురు లేక మెతుకులతో అంటించేను. తడవనివ్వకండేం. మీకే సీటొచ్చిందనుకోండి, మా అమ్మకి ఓ ఫొటో ఊరికే తీసిపెట్టాలి. ఎముకలదండోయ్!”

పోటీకి వచ్చినవాడు పోటీదారుడి చేతికే కాగితమిచ్చి నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ తలదించుకుంటాను.

రాజమండ్రి స్టేషన్లో అందరి ఉత్తరాలూ వేశాను. నా దరఖాస్తు వేశాను. సూర్యం కవరు మాత్రం సంచీలోంచి పైకి తీయలేదు. చింపడానికి భయమేసింది, చదువుల తల్లి కదా. వెనక్కి తెచ్చి నా ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద దాచి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది.

“వేసేరా అండీ?” అని అడిగాడు మర్నాడు.

“వేసేనురా” అన్నాను.

మూడో వారంలో ఇంటర్వ్యూ కార్డులు వచ్చాయి. ఒకటి నాకు, ఒకటి సూర్యానికి.

గదిలోకి పోయి తలుపు గడియ పెట్టి పెట్టె తెరిచాను. కవరు పెట్టినచోటే ఉంది. ఎండిన మెతుకులు అంచు పొడుగునా ఉన్నవి ఉన్నట్టే అంటుకుని ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా అనిపించింది. చింపి చూశాను. లోపల ఏమీ లేదు.

సూర్యం ఖాళీ కవరు అంటించి ఇచ్చాడేమో అనుకున్నాను. కాని నేను దాన్ని రోజంతా మోశాను. లోపల కాగితాలు గరగరలాడడం నా చేతులకు తెలుసు.

ఇంటర్వ్యూకి ఇద్దరం కలిసే వెళ్లాం. దారంతా వాడు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నాకు పులిహోర కూడా దిగలేదు. నా వాటా కూడా వాడే తిన్నాడు, “మీకు భయం ఎక్కువండి” అంటూ.

కాలేజీ ఆఫీసులో ముందుగా సూర్యాన్ని లోపలికి పిలిచారు. నేను వరండాలో కూర్చున్నాను. గుమాస్తా ఒకాయన, బొద్దుగా, ముక్కుపొడుం పీలుస్తూ నా కార్డు చూశాడు.

“మీదీ కోనసీమేనా బాబూ? ఇప్పుడు లోపలికెళ్లిన అబ్బాయి పెదనాన్న ఒకాయన ఉన్నాడు, తెలుసా? నా ప్రాణం తోడేశాడు!”

వాడికి పెదనాన్న లేడు. వీర్రాజు తన తల్లిదండ్రులకి ఒక్కడే కొడుకు. “ఎప్పుడొచ్చేరండీ?” అన్నాను.

“దరఖాస్తు తెచ్చింది ఆయనే కదా. కవరైనా లేదు. కాగితాలు కొబ్బరాకుల్లో చుట్టి తెచ్చాడు. చదువు రాదట. అర్హతలన్నీ నా చేత పైకి చదివించాడు. ఒక్కో సర్టిఫికెట్టూ చూపిస్తే ‘ఆయ్’ అనడం, ఒక వేలు ముడవడం. అన్నీ సరిపోయాయయ్యా, వెళ్లు అన్నాను. వెళ్లడే! ఈ చదువు దేనికో అది కూడా చదవమన్నాడు.”

“చదివేరా?”

“చదవక వదిలితేనా? ఎముక ఒక్క ప్లేటులోనే స్పష్టంగా వచ్చేలా తీయడం, అవసరానికి మించి కిరణాలు తగలనివ్వకపోవడం, తీసింది డాక్టరుకి అందించడమే తప్ప సొంత వైద్యం చెయ్యకపోవడం. ఇవన్నీ విని ఊరుకున్నాడు. రోగిని నొప్పి కలగకుండా కదిపి పడుకోబెట్టడం అన్నచోట మాత్రం ఆపాడు. ‘అదీ నేర్పుతారా అండీ? మళ్లీ చదవండి’ అన్నాడు. మూడుసార్లు చదివించాడు బాబూ. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.”

మనిషి ఎలా ఉంటాడని అడిగాను. పొట్టిగా, గుండె మీద కాయలు కాసిన నల్లమచ్చలతో, ఎడంకాలు ఈడ్చుకుంటూ నడిచాడట.

“వెళ్తూ వెళ్తూ టేబుల్ మీద ఒక బొండం పెట్టాడు. తియ్యదనం అంటే అదీ. దరఖాస్తులో తండ్రి పేరు ముందు కీర్తిశేషులు అని ఉంది కాబట్టి పెదనాన్న అనుకున్నాను.”

తారీఖు చూపించమని బతిమాలాను. ఇన్వర్డు రిజిస్టరు నా ముందుకు తిప్పాడు. నేను ఏరు దాటిన ఆ మంగళవారమే. ఆ రోజు మొదటి పద్దు. పదకొండింటికి తపాలా రాకముందే చేతికి ఇచ్చిందని ఆయన ఖాయంగా చెప్పాడు. ఆ వేళకి నేను గోదావరి మధ్యలో పంటి మీద, ఆ కవరున్న సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

నన్ను పిలిచారు. పెద్దడాక్టరుగారు అడిగినదానికి జవాబు చెప్పకుండా, “ఆ సీటు సూర్నారాయణకి ఇచ్చెయ్యండి సార్” అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను తేరిపార చూశారు. “సీటేమైనా మీ తోటలో గెలటయ్యా, నువ్వు పంచిపెట్టడానికి? ఎక్స్‌రే కిరణాలు ఎలా పుడతాయో చెప్పు.”

చెప్పలేకపోయాను. సాయంత్రం చీటీ అంటించారు. సీటు సూర్యానికే వచ్చింది, నా దానం అవసరం లేకుండానే.

తిరుగు ప్రయాణంలో, జొన్నాడ నుంచి పంటి కదిలాక, వాడికి అంతా చెప్పేశాను. కవరు దాచింది, అబద్ధమాడింది, గుమాస్తా మాటలు, అన్నీ. వాడు నీళ్లకేసి తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

“నాన్న ఇంకా కాలీడుస్తున్నాడంటాండీ?” అన్నాడు.

“గుమాస్తా అలాగే చెప్పేడురా.”

వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి ఫక్కున నవ్వాడు. “బొండం మాత్రం మంచిదే ఏరుంటాడండి. ఆ ఎంపికలో మా నాన్నకి తిరుగులేదు.” తర్వాత నవ్వు ఆపి అన్నాడు: “అమ్మకి నేను చెప్పనండి. మీరే చెప్పాలి.”

ఆ గుమాస్తా కల కన్నాడా? రిజిస్టరు కల కనదు. సోమవారం సాయంత్రం కొత్తపేటలో సంతకమైన కాగితం మంగళవారం పదకొండింటికి ముందే విశాఖపట్నం ఎలా చేరింది? తాళం తీయకుండా, మెతుకు చెదరకుండా కవరులోంచి కాగితాలు ఎలా పోయాయి? నాకు తెలిసిన లెక్కలన్నీ వేసి చూశాను. ఒక్కటీ తేలలేదు. నమ్మకం లేదని పైన రాశాను. కాదనడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు.

మర్నాడు పొద్దున్నే సూర్యం తల్లి అప్పాయమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చేటతో బియ్యం చెరుగుతోంది. నేను చెప్పినంతసేపూ చేట ఆపలేదు. అయ్యాక బియ్యం పక్కన పెట్టి నాకేసి చూసింది.

“మావోడు రెండేళ్లు ఉండడు కదా బాబుగారూ. మా పెరట్లో నాలుగు చెట్లున్నాయి. ఎవరు దింపుతారు?”

“మనిషిని పంపుతానమ్మా.”

“మనిషి ఎందుకండీ? తప్పు ఆ మనిషి చేసేడా?”

అలా వచ్చింది నాకు శిక్ష. వీర్రాజు బందం, అంటే కాళ్లకు తగిలించుకునే తాడు, తెచ్చి నా చేతిలో పెట్టింది. మొదటిరోజు నిలువెత్తు ఎక్కి చెట్టును కావలించుకుని ఉండిపోయాను. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. “అబ్బాయిగారు చెట్టుకి ముద్దెడుతున్నారర్రా!” అని ఎవరో అరిచారు. గుండె మీద చర్మం గీరుకుపోయింది. మా నాన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆవిడ మాత్రం కింద కొంగు దోపుకుని నిలబడి చెబుతూనే ఉంది. “కిందకి చూడకండి. మోకాళ్లు బిగించకండి. ఆయన కూడా మొదట్లో ఇలాగే వణికేవోరు.”

నెలన్నరకోసారి, రెండేళ్లపాటు, ఒక్క దింపూ తప్పించలేదు. మూడోసారికి చెట్టు తల మీది మొవ్వ దగ్గరికి చేరాను. అక్కడినుంచి చూస్తే ఊరంతా, చేలంతా, దూరంగా గోదావరి తెల్లటి గీతలా కనిపించింది. వీర్రాజు బతికినన్నాళ్లూ చూసింది ఇదన్నమాట అనుకున్నాను.

“చూసింది చాలు, కాయ కొయ్యండి బాబుగారూ!” అని కిందనుంచి కేకేసింది అప్పాయమ్మ.

కోశాను.