పడవ రంగు

తొంభైల చివర్లో గవర్నర్‌పేటలోని మా గదిలో బొమ్మ పడవలకూ విమానాలకూ గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో రంగులు వేసేవాణ్ణి. ఒకసారి మచిలీపట్నం వైపు నుంచి ఒకావిడ వచ్చి ఫొటో ఇచ్చింది. సముద్రం మీద వేటకెళ్లి, పడవతో సహా తిరిగిరాని భర్త పడవ అది. అలాంటి బొమ్మ చేసిపెట్టమంది. ఆకుపచ్చ ఎనామిల్‌లో థిన్నర్ పోసి, పాలంత పలచన చేసి, అట్టమీద కొట్టి చూపించాను.

"ఇంకా పాలిపోయి ఉంటదండీ."

"ఫొటోలో ఇలాగే ఉందిగా అమ్మా?"

"ఇప్పుడలా లేదండీ."

ఆవిడ చాలనేదాకా తెలుపు కలిపి బొమ్మకు వేశాను. మిగిలిన రంగును హోమియో సీసాలో పోసి, గాలి చొరకుండా మూత బిగించాను.

నెల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. మొన్ననే ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ పడవ చెక్క తెచ్చింది. సీసా బాగా కుదిపి, చెక్కమీద ఒక చుక్క వేశాను. ఆరాక ఆ చుక్క చెక్క రంగులో కలిసిపోయి, ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు. చెక్కను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఆవిడ ముఖంలో మాత్రం ఆశ్చర్యమే లేదు.