నాలుగు గ్రాముల మూత

పార్సిల్ గుమాస్తా తన గాలిపరుపును ఆఫీసు త్రాసు మీద తూచడం ఆ వారంలో ఆరోసారి. కొండ మీద గుడారంలో పడుకోవడానికి భార్య ఒప్పుకుంది గానీ, నడుము పట్టేసేలా ఉంటే మాత్రం రానంది. మోసేది తనే కాబట్టి బరువు తగ్గించాలని ఆయన పరుపు పట్టీలు కత్తిరించాడు, కంపెనీ చీటీ పీకేశాడు, చివరికి దువ్వెననూ సగానికి విరిచాడు. ఆదివారం హాల్లో పరుపు ఊది, "పడుకుని చూడవోయ్, పూలపాన్పే" అన్నాడు. ఆవిడ పడుకుంది. పరుపు బుస్సుమంటూ దిగిపోయి, నిమిషంలో ఆవిడ నడుము నేలకు ఆనింది.

"ఏమండీ, దీని మూతేదీ?"

"లోపలి రబ్బరే గాలిని ఆపుతుందిలే అని తీసేశా. నాలుగు గ్రాములు కలిసొచ్చాయి."

ఆవిడ లేచి, మంచం మీది దూదిపరుపు చుట్టి ఆయన భుజాన పెట్టింది.

"నేను రావాలంటే ఇదీ వస్తుంది."

సోమవారం ఆఫీసు త్రాసు దూదిపరుపుకు పదకొండు కిలోల రెండువందల గ్రాములు చూపించింది.