అడిగి గానీ లేవని రహీం చాచా

అయిజలో దర్జీ దుకాణం నడిపే రహీం చాచా కన్నుమూశారని ఫోనులో విన్నప్పుడు, ఆ కబురు చెప్పినవాణ్ని తిట్టాను. హెర్నియా ఆపరేషనుకని పొద్దున గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానలోకి తన కాళ్లతో నడిచి వెళ్లిన మనిషి మధ్యాహ్నానికి విగతజీవుడు కావడమేమిటి? వైద్యపు పొరపాట్లకు బలైన అభాగ్యులకు జీవితాంతం అండగా నిలిచిన ఉదాత్తుణ్ని దవాఖానే మింగడమేమిటి? దీన్ని విధి అనడానికి నాకు నోరు రాదు.

ఆయనతో నా పరిచయం విషాదంలోనే మొదలైంది. మల్దకల్‌లో మా ఆయన కాలు విరిగితే వేసిన సిమెంటు కట్టు బిగుసుకుని, పాదం నల్లబడి, చివరికి మోకాలిదాకా తీసేయాల్సి వచ్చింది. నేను సరిగా చూసుకోలేదని అత్త నన్నే ఆడిపోసుకుంది. మా అన్నలు రాళ్లు పట్టుకుని దవాఖాన మీదికి బయలుదేరితే, సంగతి విని అయిజ నుంచి వచ్చిన చాచా అడ్డం నిలిచారు. “రాయి ఏస్తే తలుపులు మూసుకుంటరు. అప్పుడు ఎవర్ని అడుగుతరు? ముందుగాల ఏమైందో తెల్వాలె” అన్నారు.

నన్నూ అత్తనూ వెంటబెట్టుకుని డాక్టరు ఎదుట కూర్చున్నారు. రాజీ మాట ఎత్తబోయిన పెద్దమనిషిని చూపుతోనే ఆపారు. “గదంత తర్వాత సార్. ఇందుల ఈ బిడ్డ తప్పేమన్న ఉందా, జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి.” నొప్పి అన్ననాడే కట్టు కోసి చూడాల్సిందని డాక్టరు ఒప్పుకునేదాకా ఆయన లేవలేదు. ఆ తర్వాత అత్త నన్ను ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచి ఆయన వెంట తిరిగాను. వనపర్తి అయినా నాగర్‌కర్నూల్ అయినా అదే పద్ధతి. కేసు కాగితాల నకలు అడిగించేవారు, వినియోగదారుల కమిషన్‌కు దారి చూపేవారు. అన్నిటికంటే ముందు మాత్రం ఇంటివాళ్ల మీద పడ్డ నింద తీయించేవారు. “కోర్టుల ఆలస్యమైతది బేటీ. ఇంట్ల నింద అంతదాక ఆగదు” అనేవారు. తన చెల్లెలు కాన్పులో పోయినప్పుడు అడగడం తెలియక ఉత్త చేతులతో తిరిగొచ్చానని ఒకే ఒక్కసారి చెప్పారు.

మొన్న ఆ ఫోను విని నేను గద్వాల చేరేసరికి ఆ దవాఖాన ముందు జనం గుమిగూడారు. కొందరి చేతుల్లో రాళ్లున్నాయి. లోపలివాళ్లు గడియ పెట్టుకున్నారు. చాచా భార్య, మా చాచీ, ఒక మూల కూర్చుని ఒకటే మాట గొణుగుతోంది. “ఆపరేషన్‌కు ముందుగాల ఏం తాపొద్దన్నరు. పొద్దుగాల రెండు గుటకల చాయ్ నేనే తాపిన. నేనే సంపుకున్ననా బేటీ?”

ఆ ప్రశ్నను ఇంటికి మోసుకుపోతే ఆమె బతకదు. తలుపుకు అడ్డంగా నిలబడి, రాళ్లు వేసేవాళ్లు ముందు నన్ను కొట్టండని అరిచాను. ఎంతసేపటికో ఒక్కొక్క రాయి కిందపడింది, గడియ తీశారు. చాచీని డాక్టరు ఎదుట కూర్చోబెట్టి, చాచా అడిగినట్టే అడిగాను.

డాక్టరు తల దించుకున్నాడు. “చాయ్‌తోని కాదమ్మా. ఒక సూది తనకు పడదని ఆయన ముందే చెప్పిండు. మేమే చూసుకోకుండ అదే ఇచ్చినం.”

“చాయ్‌తోని కాదా?” చాచీ మళ్లీ అడిగింది.

“కాదమ్మా.”

అప్పుడు ఏడ్చింది.

చాచా, మిగిలిన కొట్లాట మేం చేస్తాం, వదిలిపెట్టం. మీ దివ్యస్మృతికి నా సలాం. కానీ ఆ గదిలో జవాబు విన్నాక, “ఇగ లేద్దాం పా” అని మీరంటారని అలవాటు కొద్దీ పక్కకు తిరిగాను. ఖాళీ కుర్చీ ఉంది. చాలాసేపు నేను లేవలేకపోయాను.