మిరపకాయల పొగలో చివరి పాట

గల్ఫ్‌లో, అల్ ఖూజ్ గోడౌన్ల మధ్య ఉన్న ఓ చిన్న స్టూడియోలో నేను రికార్డిస్టుని. కరోనా వచ్చిన రెండో ఏడు. దగ్గు వినపడితే చాలు, మొహమైనా చూడకుండా మనుషులు అడుగు వెనక్కి వేసే రోజులు. మా గాయకుడు ఉగాండా నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు. డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చి రెగే పాడేవాడు. ఆల్బంలో చివరి పాట ఒక్కటే మిగిలింది. ఈలోగా అతని వీసా క్యాన్సిల్ చేశారు. మర్నాడు పొద్దున్నే విమానం. ఆ రోజు గొంతు పలకకపోతే ఆల్బం ఖలాస్. లేచిన దగ్గర్నుంచీ మైకుని పదిసార్లు సరిచూశాను.

స్టూడియో ఊడ్చి టీ పెట్టే అక్కది అమలాపురం వైపు. నా వాలకం చూసి నవ్వింది.

"పాడే కుర్రోడికి దిష్టి తగిలిందండి బాబూ. పాట ఇన్నోళ్లంతా నోరెళ్లబెడతన్నారు కదా. ఉండండి, తీసేత్తాను."

ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి అతని చుట్టూ మూడుసార్లు తిప్పింది. అదేదో దీవెన అనుకుని అతను తల వంచి నిలబడ్డాడు. ఊళ్లో అయితే పెరట్లో పొయ్యిలో వేస్తారు. ఇక్కడ పెరడేది? ఓనరు బఖూర్ ధూపం వేసుకునే బొగ్గుల కుంపటిలో వేసేసింది. ఏసీ ఆ పొగనంతా లాగి పాడే గదిలోకి తోసింది.

అతను వంగిపోయి దగ్గాడు. నేనూ దగ్గాను. పక్క గోడౌన్ వాళ్లు మాస్కులు పైకి లాక్కుని షట్టర్ దించేశారు. వాళ్లలో ఎవరైనా ఫోన్ చేస్తే టెస్టంటారు, క్వారంటైనంటారు.

"ఏంటక్కా ఇలా చేశావ్?"

"ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టేనండి. ఉంటే ఇంత కమురే రాదు," అంది అక్క, తనూ దగ్గుతూనే.

కాసేపటికి అతని గొంతు విచ్చుకుంది, కొంచెం బొంగురుగా. పొగ ఇంకా పోలేదని తలుపు తెరిచే రికార్డు చేశాం. అతను ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకూ తగ్గిపోయింది. పాట ముగుస్తుండగా టీ పెట్టే గది వైపు నుంచి సన్నగా దగ్గు వినపడింది. హెడ్‌ఫోన్స్‌లో అది విన్నాను, అక్కదే. మిరపకాయల దగ్గు అంతసేపు ఉండదు.

మర్నాడు అతను విమానమెక్కాడు. ఆ వారంలోనే అక్కని అంబులెన్సులో తీసుకెళ్లారు. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఇక్కడే దహనం చేశారని మా డ్రైవరు చెప్పాడు.

ఆ ఆల్బంతో అతని దశ తిరిగింది. ట్యాక్సీల్లో, బనియాస్ టీకొట్లలో ఆ చివరి పాటే. చివర్లో దగ్గు అతని స్టైలు అనుకుంటారు జనం. తీసేయడం నాకు నిమిషం పని, చెయ్యి రాలేదు. అందరికీ దిష్టి తీసిన మనిషి, తనకి తీసేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. ఆఖరి చరణం మొదలవగానే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. ఆ దగ్గు ఒక్కసారే వస్తుందని నాకు తెలుసు. అయినా విన్న ప్రతిసారీ, ఈసారి ఆగదేమోనని భయం.