రాని బస్సుకు సగటు ఎంత?

ఈ రోజు నరసరావుపేటలో మా డిగ్రీ ప్రాజెక్ట్ వైవా జరిగింది. మా ఊరు కారంపూడి వెళ్ళే సాయంత్రం బస్సు ఏ రోజు ఎంత ఆలస్యంగా వచ్చిందో మూడు నెలలు రాసుకొని, కంప్యూటర్లో పట్టికలు, గ్రాఫులతో డ్యాష్‌బోర్డ్ చేశాను. బస్సు అసలు రాని రోజుల గడులు ఖాళీగా వదిలేశాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ కంప్యూటర్ వైపే చూడలేదు. ప్రింటు తీసి బైండింగ్ చేయించిన రికార్డు తిరగేసి, "ఏందమ్మా ఇన్ని ఖాళీలు? సగటు వేసి నింపాల్సింది" అన్నారు.

"ఆ రోజుల్లో బస్సే రాలేదు సార్. ఆలస్యం ఎంతని రాయాలి?"

"అదంతా నాకెందుకు? డేటా చానా తక్కువుంది" అని యాభైకి పద్దెనిమిది వేశారు. పాసవ్వాలంటే ఇరవై రావాలి. నా ఫ్రెండ్ నెట్‌లో దించుకున్న ఏదో దేశపు విమానాల డేటాకు నలభై ఆరు వచ్చాయి. అందులో ఒక్క ఖాళీ కూడా లేదు. విమానాలకు మా రోడ్డుతో పనిలేదు కదా!

ఇంట్లో ఏం చెప్పాలో తెలియక గంటన్నరగా బస్టాండులో నిలబడి ఉన్నాను. ఇందాక ఎంక్వైరీలో అడిగితే, "ఆ బస్సు ఇయ్యాల రాదమ్మా" అన్నారు.

మీరే చెప్పండి, ఈ రోజు గడిలో ఎంత వేయమంటారు?