బాలింత గుడిసె

సోషియాలజీ చదువుతున్నానంటే మా వైపు ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే, దానికి ఏం ఉద్యోగం వస్తుందని. మా నాయనా అదే అడిగాడు. మనుషులు ఎట్లా బతుకుతారో చెప్తారు నాయనా అన్నాను. “దానికి హిందూపురం దాకా పోవల్లనా? ఈడ బతుకుతాండేది మనుషులు కాదా?” అన్నాడు. కడుపుబ్బ నవ్వుకున్నాం. అప్పుడు మా ఇంట్లో నవ్వులుండేవి.

మా మేడమ్ నోట్సు చదివించి చేతులు దులుపుకునే రకం కాదు. మొదటి ఏడాదే మమ్మల్ని ధర్మవరం తీసుకుపోయి మగ్గాల ఇళ్లలో కూర్చోబెట్టింది. మనుషులతో మాట్లాడకుండా ఈ చదువు రాదనేది. రెండో ఏడాది సమకాలీన సామాజిక సమస్యలు చెబుతూ మైల దగ్గరికి వచ్చింది. కొన్ని పల్లెల్లో బాలింతనూ పసిబిడ్డనూ ఊరి బయట గుడిసెలో పెడతారని చెప్పింది. “ఇంకా ఇట్లాంటోళ్లు ఉండారా మేడమ్?” అంది నా పక్కన కూర్చునే పెనుకొండ అమ్మాయి. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజుకు మా అక్క అలాంటి గుడిసెలోనే ఉంది.

మాది అగళి దాటి, కర్ణాటక అంచున, గొర్రెలు మేపుకునేవాళ్ల చిన్న పల్లె. హట్టి అంటాం. ప్రతి ఇంట్లో దేవుడి పెట్టె ఉంటుంది కాబట్టి ఇంట్లోకి మైల రాకూడదు. కానుపయిన మనిషి మూడో నెల వచ్చేదాకా బిడ్డతో బయట గుడిసెలో ఉండాలి. అన్నం తెచ్చినవాళ్లు ముట్టుకోకుండా దించి పోవాలి. ముట్టుకుంటే తలమీద నీళ్లు పోసుకున్నాకే గడప తొక్కాలి. అమ్మ మా చిన్నతనంలోనే పోయింది. మమ్మల్ని పెంచింది అవ్వే. అక్కను ఆ గుడిసెకు పంపిందీ అవ్వే. అక్క మీద అవ్వకున్నంత ప్రాణం ఇంకెవరికీ లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నా పాఠ్యపుస్తకంలో రాయలేదు.

ఆ శనివారం బస్సు దిగి నేరుగా గుడిసెకు పోయాను. మడకశిర వైపు చలికాలం ఎముకలు కొరుకుతుంది. గడ్డి కప్పు, చుట్టూ టార్పాలిన్, కింద రెండు కంబళ్లు. పిల్లాడి కాళ్లు చల్లగా ఉన్నాయి. ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాను.

“ముట్టుకుంటివి కదే! నీళ్లు పోసుకుని పో ఇంటికి,” అంది అక్క భయంగా.

“పోసుకోను పో,” అన్నాను. క్లాసులో మింగిన కోపమంతా అక్కడ కక్కాను. అట్లాగే ఇంట్లోకి పోయి నాయన ఎదుట నిలబడ్డాను.

“అక్కను లోపలికి తెద్దాం నాయనా. ఈ చలికి ఆ బిడ్డ బతకడు.”

నాయన దేవుడి పెట్టె వైపు చూశాడు. “నాకేం అడ్డం ల్యా తల్లీ. రేపు ఎవరి గొర్రె సచ్చినా, ఎవరి బిడ్డకు జరమొచ్చినా మన గడప ముందరికే వస్తారు. మీ బావ మందతో యాడికో పోయినాడు. నేనొక్కణ్ణి ఎంతమందికి జవాబు చెప్పల్ల?”

నేను అలిగి పడుకున్నాను. నా మాట విన్నది అవ్వ ఒక్కతే. బిడ్డను లోపలికి తేవడం ఆమె చేతిలో లేదు, వెచ్చగా ఉంచడం ఉంది. కుంపటి నిండా బొగ్గులు రాజేసింది. దాన్ని కర్రతో గుడిసెలోకి తోసింది. చలిగాలి దూరకుండా టార్పాలిన్ అంచులు లాగి కట్టి, చుట్టూ రాళ్లు పెట్టింది. ఎవరినీ ముట్టుకోకుండానే ఇదంతా చేసింది.

తెల్లవారి గంజి తీసుకుపోయిన అవ్వ కేక విని ఉరికాం. అక్క తల పట్టుకుని వాంతి చేసుకుంటోంది. బిడ్డలో కదలిక లేదు.

ఆస్పత్రిలో నర్సమ్మ అన్నీ అడిగి, చదువుకున్నదాన్నని నన్ను పక్కకు పిలిచింది. “మూసేసిన గుడిసెలో బొగ్గులు పెడతారా పాపా? ఆ గాలి విషం. వాసన గూడా తెలీదు,” అంది.

ఈ మాట నేనొక్కదాన్నే మోసుకుని, అందరం హట్టికి వచ్చేసరికి అక్కడ తీర్పు అయిపోయింది. చదువుకున్న పిల్ల మైలతో గడప తొక్కింది, దేవుడు ఊరుకోలేదు. అక్కను మళ్లీ గుడిసెకే పంపారు. బిడ్డ పోయినా మైల పోలేదట. నేను చెయ్యి పట్టి ఇంటివైపు లాగాను. అక్క విడిపించుకుంది.

“నీళ్లు పోసుకోమంటే వింటివా నువ్వు? ఇంగ నన్ను ముట్టుకోవాకు.”

బొగ్గులన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే గుడిసెను ఎవరూ తప్పు పట్టరని నాకు తెలుసు. అవ్వనే తప్పు పడతారు. మింగేశాను. బిడ్డ పోయిన బాధ ఒకెత్తు, ఈ మింగడం ఒకెత్తు.

అవ్వ ముద్ద ముట్టలేదు. ఒకరోజు రాగులు చెరుగుతూ చేట పక్కన పెట్టింది. “పాపా, నిజం చెప్పు. నేను పెట్టిన నిప్పుల వల్లేనా?”

“కాదవ్వా. నేను నీళ్లు పోసుకోకుండా లోపలికొచ్చినా కదా, దానికే.”

అవ్వ ఆ పూట తిన్నది. నేను కాలేజీకి పోయాను. నా వెనక హట్టి ఏమనుకుంటే నాకేం, మా అవ్వ బతికితే చాలనుకున్నాను.

చలి పోకముందే వీధి చివరి ఇంటి కోడలు కనింది. ఆమెనూ గుడిసెలో పెట్టారు. నేను ఇంటికి వచ్చిన ఆదివారం ఆ కోడలి అత్త పాత మట్టి బోకి ఒకటి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

“ఏమ్మా, రవంత నిప్పులియ్యి. బిడ్డ వణుకుతాండాడు.”

అవ్వ పొయ్యి ముందు కూర్చుని నా వైపు చూసింది. బోకి అందుకుని గరిటెతో నిప్పులు తీసి వేయసాగింది. నేను లేచి ఆ బోకి లాక్కున్నాను. చెయ్యి కాలింది.

“గుడిసెలో నిప్పులు పెట్టద్దండి,” అన్నాను ఆ అత్తతో. “మా అక్క బిడ్డ దాంతోనే పోయినాడు. నర్సమ్మ చెప్పింది.”

ఆమె నన్నూ అవ్వనూ మార్చి మార్చి చూసి, గబగబా వెళ్లిపోయింది. సాయంత్రానికి హట్టి అంతా తెలుస్తుంది. అక్కకూ తెలుస్తుంది. నేను అవ్వ వైపు తిరగలేకపోయాను.

“అట్లే అనుకుంటి,” అంది అవ్వ నా వెనక నుంచి.